నందివాకలో నిమ్మళం అమలు

మా నందివాకలో మధ్యాహ్నం పూట ఎవరైనా చచ్చిపోవాలన్నా నాలుగింటిదాకా ఆగుతారు. భోజనాలు కాగానే ఊరు పడుకుంటుంది. నాలుగింటికి లేచి, మొహం కడుక్కుని, టీ తాగి, అప్పుడు మళ్ళీ బతకడం మొదలుపెడుతుంది. నేను ఈ ఊరి నగర పంచాయతీలో సీనియర్ అసిస్టెంటుని. మా ఆఫీసులోనూ ఇదే పద్ధతి. దీనివల్ల పనులు ఆగిపోతున్నాయని ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫిర్యాదు చెయ్యాల్సినవాళ్ళు కూడా ఆ టైములో పడుకునే ఉంటారు కదా.

ఈ పద్ధతి మొత్తానికి మూలస్థానం కాలవగట్టు మీద నూకరాజు హోటలు. పొద్దున్న దిబ్బరొట్టె, పెసరట్టు, అల్లం పచ్చడి. మధ్యాహ్నం అన్నం, పప్పు, ఆ రోజు సంతలో ఏది నచ్చితే ఆ కూర. భోజనాలయ్యాక నూకరాజు పొయ్యి ఆర్పేసి, తడిపిన తువ్వాలు మొహాన వేసుకుని, గల్లాపెట్టె పక్కనున్న బల్ల మీద నడుం వాలుస్తాడు. ఆ తర్వాత తహసీల్దారొచ్చినా, తప్పిపోయిన గేదెని వెతుక్కుంటూ పొరుగూరి రైతొచ్చినా అతని భార్య మహలక్ష్మి చేసే మర్యాద ఒకటే. నిమ్మాకు వేసిన మజ్జిగ ఒక గ్లాసుడు ఇచ్చి, ఇంకో తడి తువ్వాలు చేతిలో పెట్టి, ఖాళీగా ఉన్న బల్ల చూపించి, "నాలుగింటికి సూద్దారండి" అంటుంది.

అక్కడ పడుకున్నవాణ్ణి లేపకూడదు. ఇది నూకరాజు తండ్రి నాటి కట్టుబాటు. ఒకసారి పెళ్ళికి పోతున్న పెళ్ళికొడుకు దార్లో మజ్జిగకని ఆగి అక్కడే నిద్రపోయాడు. రెండు వైపుల పెద్దలూ వచ్చి, చూసి, బయట నిలబడి మాట్లాడుకుని, ముహూర్తం మార్చుకున్నారు గానీ అతన్ని లేపలేదు. ఆ దంపతులు ఇప్పటికీ పొట్లాడుకోరు. దానికి కారణం ఆ నిద్రేనని మా ఊరి నమ్మకం.

మా ఖర్మ కొద్దీ ఎవరో ఒక బాటసారి ఈ బల్లల మీద పడుకుని లేచి వెళ్ళి, చిన్న ఊళ్ళలో ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి, ఎక్కడ కాళ్ళు చాపుకోవాలి అని ఇంటర్నెట్టులో రాశాడు. అందులో మొదటి పేరు మాదే. రాజధానిలో ఒక పెద్ద అధికారి అది చదివి ఉలిక్కిపడ్డారట. ఏ పథకమూ లేకుండా, ఏ శాఖకీ తెలియకుండా, ఒక ఊళ్ళో ఇంత విశ్రాంతి ఎలా ఉత్పత్తి అవుతోందని ఆయన బాధ. నెల తిరక్కుండా 'నిమ్మళ పట్టణాల పథకం' వచ్చింది. దాని వెనకే జీపులో పరాంకుశరావు గారు వచ్చారు. ఆయన హోదా విశ్రాంతి అభివృద్ధి అధికారి.

పరాంకుశరావు గారు సన్నగా, నిటారుగా, ఎప్పుడూ ఏదో రైలు తప్పిపోతున్నట్టు ఉంటారు. మధ్యాహ్నం రెండింటికి మొదటి సమావేశం పెట్టారు. మా ఆఫీసు చరిత్రలో ఆ టైముకి అంతమంది కూర్చుని ఉండటం అదే మొదలు.

"ఈ పట్టణమున ప్రస్తుతం జరుగుచున్నది నిమ్మళము కాదు," అన్నారాయన మమ్మల్ని కలియజూసి. "నిమ్మళమనగా నిర్దేశిత ప్రాంగణమున, నిర్దేశిత వేళయందు, శిక్షణ పొందిన సిబ్బంది పర్యవేక్షణలో లబ్ధిదారుడు పొందు మానసిక సడలింపు. ఇక్కడ జరుగుచున్నది అనధికార నిద్ర."

వెనక బెంచీలోంచి గుర్రు వినిపించింది. మా శానిటరీ ఇన్స్పెక్టరు అనధికారంగా సడలిపోయాడు.

ఆ మర్నాటినుంచి నిమ్మళం అమలు మొదలైంది. పర్యాటకులు వచ్చి చూడాలంటే ఊరి జనం నిమ్మళంగా కనిపించాలి కాబట్టి, కాలవ మెట్ల మీద మనుషులు కూర్చుని ఉండాలన్నారు. ఇంతకుముందు కూర్చునేవాళ్ళు బుద్ధి పుట్టినప్పుడు కూర్చునేవాళ్ళు. ఇప్పుడు వంతులు వేశారు. ఉదయం వంతు నాకు పడింది. స్నానం కూడా చెయ్యకుండా పరిగెత్తుకెళ్ళి, రొప్పుతూ మెట్ల మీద కూర్చుని, ప్రశాంతంగా ఉన్నట్టు కాలవలోకి చూసేవాణ్ణి. నా పక్కన కూర్చునే రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు వామనమూర్తి గారికి రెండోరోజే మెమో వచ్చింది. నీటిని చూడవలసిన సమయంలో ఆయన తన మోకాలిని చూసుకున్నారట.

"నొప్పెట్టింది కదండీ మరి! చూసుకోవద్దూ?" అన్నారు మాస్టారు.

"నొప్పి విధి నిర్వహణకు అడ్డు రారాదు" అని జవాబొచ్చింది.

పేకాట అరుగుకి పర్యవేక్షకుడు వచ్చాడు. ఓడినవాడు చిరునవ్వు నవ్వాలి. గెలిచినవాడు ఇంకా చిన్న నవ్వు నవ్వాలి. తాటితోపులో కల్లుపాకకి 'ప్రకృతి పానీయ ఆస్వాదన స్థలి' అని బోర్డు పెట్టారు. బోర్డు పూర్తిగా చదివేసరికి దాహం తీరిపోతోందని జనం అటు వెళ్ళడం మానేశారు. కబుర్లకి కూడా కొన్ని విషయాలు నిర్ణయించారు. రాజకీయాలు, అల్లుళ్ళు, చిట్టీలు ఉద్రేకం కలిగిస్తాయి కాబట్టి నిషేధం. వాతావరణం, పక్షులు, ప్రభుత్వ పథకాల గురించి మాట్లాడుకోవచ్చు. మా ఊళ్ళో పక్షుల గురించి రెండు మాటల కంటే తెలిసినవాళ్ళు లేరు. "కాకండీ" అని ఒకరంటే, "ఆయ్, కాకేనండీ" అని రెండోవాళ్ళు అనేవాళ్ళు. తర్వాత ఇద్దరూ మూగవాళ్ళలా కూర్చునేవాళ్ళు.

నగరం నుంచి ఒక నిపుణుణ్ణి రప్పించి సూర్యోదయానికి ముందే శిక్షణా తరగతులు పెట్టారు. ఆయన మాకు ఒళ్ళు విరుచుకోవడం నేర్పించాడు. మా ఊళ్ళో దొంగలు కూడా ఒళ్ళు విరుచుకున్నాకే గోడ దూకుతారు, మాకా నేర్పడం! కానీ ఆయన నేర్పాక ఎడం చెయ్యి ముందా కుడి చెయ్యి ముందా అన్న అనుమానం పట్టుకుని చాలామందికి ఒళ్ళు విరుచుకోవడమే పోయింది. పర్యాటకులూ వచ్చారు, నిజమే. వాళ్ళకి టోకెన్లిచ్చి నూకరాజు హోటలు ముందు ఎండలో వరసలో నిలబెట్టారు. నిమ్మళపడ్డారా లేదా అని ప్రతివాణ్ణీ ఫొటో తీసి అక్కడికక్కడే రాజధానికి పంపడానికి రఫీ అనే పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ని పెట్టారు. "సార్, కొంచెం అమ్మాయి వైపు చూడండి" అనడం అతనికి అలవాటు. అమ్మాయి లేకపోయినా అనేసేవాడు.

ఇదంతా నవ్వుకుని ఊరుకునేవాళ్ళమే. కానీ పరాంకుశరావు గారు ఒక మధ్యాహ్నం నూకరాజు హోటలుకి వెళ్ళారు. నన్నూ వెంట తీసుకెళ్ళారు. నూకరాజు యథాప్రకారం బల్ల మీద ఉన్నాడు. మహలక్ష్మి మజ్జిగ తెచ్చింది.

"నిమ్మళ కేంద్ర నిర్వాహకుడు నిద్రించుచున్నాడేమి?" అన్నారు అధికారి.

"పడుకునే టయిం కదండీ," అంది మహలక్ష్మి. "తవరూ పడుకోండి. ఇదిగో తువ్వాలు."

"పథకములో లబ్ధిదారుడు అతిథి మాత్రమే. నిమ్మళము నందించువాడు నిమ్మళము పొందరాదు. అది రెండు మార్లు లబ్ధి పొందినట్లగును."

ఆ గొంతుకి నూకరాజు తనంతట తానే లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని చేతులు కట్టుకున్నాడు. హోటలున్న స్థలం కాలవ గట్టుది, అంటే ప్రభుత్వానిది. లీజు ఈ ఏటితో అయిపోతుంది, మళ్ళీ ఇవ్వాలంటే ఈయన సిఫారసు కావాలి. ఆ సంగతి నూకరాజుకీ తెలుసు, పరాంకుశరావు గారికీ తెలుసు.

"వచ్చే వారము రాజధాని నుండి పరిశీలక సంఘము వచ్చును. ఈ హోటలును పరిశీలించి నిర్ణయము చేయుదురు."

"ఆయ్. బాగుందంటే ఏటవుద్దండి?" అన్నాడు నూకరాజు.

"ఆదర్శ నిమ్మళ కేంద్రముగా ప్రభుత్వము స్వాధీనము చేసుకొనును. నిర్వహణకు కాంట్రాక్టరు వచ్చును."

"బాగోలేదంటేనండి?"

"కూల్చి, ఇచ్చోటనే నిమ్మళ సౌధము నిర్మింతురు. నాలుగంతస్తులు."

నూకరాజు కాసేపు లోపలే కూడికలు తీసివేతలు చేసుకున్నాడు. "అంటే ఎటు సూసినా నేను లేనన్నమాటండి" అన్నాడు మెల్లగా. పరాంకుశరావు గారు ఆ విషయం అంతవరకూ గమనించలేదనుకుంటాను. ఫైలు తిరగేసి చూసి, "నిబంధనలలో తమరి ప్రస్తావన లేదు" అన్నారు. మా వెనకాలే వచ్చిన సర్వేవాళ్ళు హోటలు గోడ మీద ఎర్రరంగుతో గుర్తు వేశారు. మహలక్ష్మి ఆ గోడనే చూస్తూ నిలబడింది. ముప్పయ్యేళ్ళుగా నేను ఆ బల్లల మీద పడుకుంటున్నాను. నా పెళ్ళిచూపులకి వెళ్ళింది కూడా అక్కడ లేచాకే. కానీ నేను గవర్నమెంటు ఉద్యోగిని. ఆయన వెనకే గొడుగు పట్టుకుని నడిచాను.

పరిశీలన రోజు రానే వచ్చింది. ఏర్పాట్ల వల్ల ఊరంతటికీ వారం రోజులుగా నిద్రల్లేవు. నిమ్మళంగా కనిపించడం కోసం మేం పడిన కష్టం నాట్లప్పుడు కూడా పడి ఉండం. మెట్ల మీద నలభైమంది కాలవలోకి చూస్తున్నారు. పేకాట అరుగు మీద ఓడినవాళ్ళు, గెలిచినవాళ్ళు తగిన సైజు నవ్వులతో సిద్ధంగా ఉన్నారు. ఇద్దరు పక్షుల గురించి మాట్లాడుతున్నారు. హోటల్లో నూకరాజు మేలుకునే ఉండాలని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చారు. ఉత్తర్వుని శిరసావహించి అతను కళ్ళల్లో నీళ్ళు కొట్టుకుంటూ నిలబడ్డాడు.

సంఘం తొమ్మిదింటికి రావాలి. వాళ్ళు తెల్లారకముందే బయల్దేరి, దారిలో మూడు నిమ్మళ పట్టణాలు పరిశీలించి, ప్రతిచోటా ఉపన్యాసాలు విని, దండలు వేయించుకుని, మా ఊరు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అధ్యక్షురాలు హైమవతి గారు. మంత్రులు కూడా ఆవిడ ముందు చొక్కా గుండీలు సరిచూసుకుంటారని ప్రతీతి. వెంట ముగ్గురు సభ్యులు. నలుగురి మొహాలూ వాడిపోయి ఉన్నాయి.

"మొదట మెట్లు, తదుపరి అరుగు, అనంతరము నా ప్రజెంటేషను, చివరన భోజనము" అన్నారు పరాంకుశరావు గారు.

"భోజనం ముందు" అన్నారు హైమవతి గారు. పథకం వచ్చాక ఒక అధికారి మాట్లాడిన తెలుగు మాకు అర్థమవడం అదే మొదటిసారి.

ఆ రోజు మహలక్ష్మి మామిడికాయ పప్పు, పనసపొట్టు కూర, గుమ్మడి వడియాలు చేసింది. పప్పు మీద నెయ్యి ఎంత వెయ్యాలో నిబంధనల్లో లేదు కాబట్టి ఆవిడకి నచ్చినంత వేసింది. సభ్యుల్లో ఒకాయన రెండోసారి పప్పు అడుగుతూ, "ఇది పరిశీలన నిమిత్తమే" అన్నాడు. అన్నం తినడం అయింది. హైమవతి గారు చేయి కడుక్కుని వచ్చి బల్ల మీద కూర్చుని, "సరే, మీ ప్రజెంటేషను..." అన్నారు.

అప్పుడు మహలక్ష్మి ఒక తప్పు చేసింది. తప్పంటే, మా ఊళ్ళో ఎవరైనా చేసే పనే. మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసినవాళ్ళకి ఏం చెయ్యాలో అదే చేసింది. మజ్జిగ ఇచ్చింది. తడి తువ్వాళ్ళు తెచ్చి నలుగురి చేతుల్లో పెట్టింది. "నాలుగింటికి సూద్దారండి" అంది.

కాలవ మీంచి గాలొచ్చింది. హైమవతి గారు తువ్వాలు మొహానికి అద్దుకుందామనుకున్నారు. అద్దుకున్న తువ్వాలు మొహం మీదే ఉండిపోయింది. ఆవిడ పక్కకి ఒరిగారు. మిగతా ముగ్గురూ అధ్యక్షురాలి మార్గంలోనే నడిచారు. పరాంకుశరావు గారు రెండో స్లయిడు తిప్పి వెనక్కి చూసేసరికి పరిశీలక సంఘం మొత్తం గుర్రుపెడుతోంది.

అంత పెద్ద అధికారిని ఈయన లేపలేరు. ఆవిణ్ణి లేపగలిగేది ఆవిడ పైవాళ్ళే, వాళ్ళు రాజధానిలో ఉన్నారు. దగ్గారు. ఫైలు కింద పడేశారు. చివరికి నూకరాజు దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగారు. నేను ఆ పక్కనే ఉన్నాను.

"ఏమయ్యా, కాస్త ఆ గ్లాసులు చప్పుడు చెయ్యి. నువ్వు హోటలువాడివి, నీకేం ఇబ్బంది లేదు."

ఆయన నోట మామూలు భాష రావడం నేను వినడం అదే మొదటిసారి.

"లేపకూడదండి" అన్నాడు నూకరాజు.

"చూడు, ఇప్పుడు వీళ్ళని లేపి పరిశీలన పూర్తయ్యేలా చేస్తే నీ సంగతి నేను చూసుకుంటాను. కాంట్రాక్టరు కింద నిన్నే వంటవాడిగా వేయిస్తాను. రాసిస్తాను కావాలంటే."

నూకరాజు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వారం నుంచి నిద్రలేదు, పైగా ఉత్తర్వు ప్రకారం మేలుకుని ఉన్నాడు. గోడ మీద ఎర్రరంగు కేసి చూశాడు. భార్య కేసి చూశాడు. లేపెయ్యరా బాబూ, ఒక్క గ్లాసు కింద పడేస్తే నీ పొయ్యి నీకు మిగులుతుంది అని నాకే నోటిదాకా వచ్చింది.

"మా నాన్న ఇక్కడ ఎవర్నీ లేపలేదండి," అన్నాడు. "తవరు రేపు కూలగొట్టేసినా సరేనండి. ఈ వేళ మాత్రం ఇది నా హోటలే. నేను లేపనండి."

మహలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరాంకుశరావు గారు వెళ్ళి గుమ్మం దగ్గర నిటారుగా నిలబడ్డారు. ఈ చివర ఆయన, ఆ చివర నూకరాజు. మధ్యలో నిద్రపోతున్న ప్రభుత్వం.

ఈ లోపు రఫీ వచ్చాడు. అతనికి ఇచ్చిన ఆదేశం ఒకటే, హోటల్లో నిమ్మళపడ్డ ప్రతివాణ్ణీ ఫొటో తీసి పంపాలి. అతను మొహమాటం లేకుండా నలుగురినీ దగ్గరినుంచి, దూరంనుంచి, పక్కనుంచి తీశాడు. ఒక సభ్యుడి నోరు మరీ తెరుచుకుని ఉంటే, పెళ్ళి ఆల్బమ్‌లో వేసే పూల చట్రం కూడా వేశాడు. అన్నీ అక్కడికక్కడే రాజధానికి వెళ్ళిపోయాయి. 'నేటి లబ్ధిదారులు' అన్న శీర్షికతో పథకం వెబ్‌సైటులో మొదటి పేజీలో పడ్డాయి.

నాలుగింటికి హైమవతి గారు లేచారు. చెంప మీద బల్ల చెక్కల చారలు అచ్చు పడ్డాయి. ఆవిడ ఒక నిమిషం ఎక్కడున్నారో తెలియని పసిపిల్లలా చూసి, మహలక్ష్మి అందించిన టీ తాగి, "అబ్బ! ఎన్నేళ్ళయిందో" అన్నారు. ఆవిడ మనసులోంచి వచ్చిన మాట అది. మరుక్షణం రాజధాని నుంచి ఫొటోల సంగతి చెబుతూ ఫోనొచ్చింది. మాట్లాడుతుంటే ఆవిడ మొహంలో నిద్ర మొత్తం దిగిపోయింది. మిగతా ముగ్గుర్నీ లేపకుండా కూర్చుని, వాళ్ళంతట వాళ్ళు లేచాక, కాలవగట్టు మీద నిలబడి రహస్యంగా చర్చించారు. ఫొటోలు తీసేద్దామంటే కుదరదు, పథకం రికార్డులు శాశ్వతం. పథకం ఉన్నన్నాళ్ళూ వాళ్ళు విధినిర్వహణలో నోళ్ళు తెరిచి నిద్రపోతూనే ఉంటారు, పూల చట్రంతో సహా.

పదిరోజులకి నివేదిక వచ్చింది. నేనే మా ఆఫీసులో చదివాను. 'నందివాక పట్టణమును క్షుణ్ణముగా పరిశీలించితిమి. విశ్రాంతికి అనువగు ఎట్టి వాతావరణమును, సదుపాయమును, అవకాశమును ఇచ్చట లేవు. కావున ఈ పట్టణమునందు నిమ్మళ పథకమును ప్రారంభ దినము నుండియే రద్దు చేయవలెను. పథకమే లేనందున దాని రికార్డులును, ఛాయాచిత్రములును లేవు. సౌధ నిర్మాణము విరమించవలెను. కాలవగట్టు లీజులు పూర్వరీతిని కొనసాగవచ్చును. విధినిర్వహణలోనున్న ఏ ప్రభుత్వ అధికారియు మధ్యాహ్న సమయమున ఈ పట్టణమున ప్రవేశింపరాదు.'

నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని కాలవ మెట్ల దగ్గరికి పరిగెత్తాను. వంతు ప్రకారం కూర్చున్నవాళ్ళు చదివి, లేచి, దులుపుకుని, ఒకర్నొకరు వాటేసుకుని, మళ్ళీ అక్కడే కూర్చున్నారు. వామనమూర్తి మాస్టారు తన మోకాలిని తృప్తితీరా చూసుకున్నారు. పక్కాయన పెద్ద గొంతుతో వాళ్ళ అల్లుణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు.

రద్దు ఉత్తర్వుని నూకరాజుకి స్వయంగా అందించి సంతకం తీసుకోవడం పరాంకుశరావు గారి ఆఖరి పని. అది కూడా మధ్యాహ్నమే చేశారాయన. పథకం ప్రారంభ దినం నుంచే లేదు కాబట్టి ఆయన ఉద్యోగం కూడా ప్రారంభ దినం నుంచే లేదు. కాబట్టి ఆయన రావడానికి అభ్యంతరం లేకపోయింది. నూకరాజు తువ్వాలు కింద హాయిగా నిద్రపోతున్నాడు. నేను పక్క బల్ల మీద కళ్ళు మూసుకుని ఉన్నాను గానీ చెవులు మూసుకోలేదు.

"సంతకం కావాలమ్మా" అన్నారాయన మహలక్ష్మితో.

"నాలుగింటికి సూద్దారండి" అని మజ్జిగ, తువ్వాలు ఇచ్చింది.

ఆయన నిలబడే మజ్జిగ తాగారు. తర్వాత బల్ల అంచున కూర్చున్నారు. నేను కళ్ళు తెరవడం చూసి నావైపు వంగారు.

"ఏవండీ, పగలు నేనెప్పుడూ పడుకోలేదు. నాకు ఉత్తర్వులు కూడా లేవు" అన్నారు. ఆ గొంతులో జాలిపడాల్సింది ఏదో ఉంది. నేను జాలిపడ్డాను.

"ఉత్తర్వులు లేవు కాబట్టే పడుకోవచ్చండి" అన్నాను.

ఆయన బూట్లు విప్పి బల్ల కింద వరసగా పెట్టారు. ఒకసారి అటూ ఇటూ చూసుకుని వెల్లకిలా పడుకుని, తువ్వాలు మొహం మీద సరిగ్గా కప్పుకున్నారు. కాసేపటికి ఆయన గుర్రు మా నూకరాజు గుర్రుతో కలిసిపోయింది. నాలుగయింది. నూకరాజు లేచాడు, నేను లేచాను, ఊరు లేచింది. ఆయన లేవలేదు. కాగితం మీద నూకరాజు తనే సంతకం పెట్టి ఆయన జేబులో దోపి, బల్లల మధ్య చప్పుడు కాకుండా నడవమని మా అందరికీ సైగ చేశాడు.